వెంట్రిలాక్విజాన్ని నమ్ముకుని ఉద్యోగం మానేయవచ్చా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్ళీ చెబుతాను. మీకు 24 ఏళ్ళు. కాలేజీ రోజుల నుంచి మిమిక్రీ చేస్తున్నారు. ఆరు నెలల కిందట ఒక మాట్లాడే బొమ్మను కొని వెంట్రిలాక్విజం, అంటే మన పెదవులు కదపకుండా బొమ్మే మాట్లాడుతున్నట్టు అనిపించే విద్య, సాధన మొదలుపెట్టారు. పెదవులు కదలకుండా చాలావరకు మాట్లాడగలుగుతున్నారు కానీ ప, బ, మ వచ్చేసరికి దొరికిపోతున్నారు. అవి అదుపులోకి రావడానికి ఇంకా ఎన్నాళ్ళు పడుతుంది, ఉద్యోగం మానేసి స్టేజి మీదా టీవీ కామెడీలోనూ దీంతోనే బతకవచ్చా అన్నవి మీరు అడిగిన రెండు సంగతులు.

పెదవులకు రోజూ అరగంట చొప్పున ఏడాది చాలు. దీంతోనే బతకడానికి మాత్రం ఏడెనిమిదేళ్ళయినా పడుతుంది. అప్పటిదాకా ఉద్యోగం ఉండనివ్వండి. నేను 1993లో మొదలుపెట్టాను. ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఉంటూ 11 ఏళ్ళు ప్రదర్శనలిచ్చి, ఆ తరువాతే రాజీనామా చేశాను. అదీ తొందరపాటేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మీరు అడగని మూడో సంగతి ఒకటుంది. నా అనుభవంలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. పెదవులు కదలకపోవడం ఈ వృత్తికి ప్రవేశ పరీక్ష లాంటిది. డబ్బు వచ్చేది బొమ్మ మాట్లాడుతున్నప్పుడు మీ ముఖం దాని మాట వింటున్నందుకు. దీని గురించి కాసేపట్లో చెబుతాను. ముందు మీరు ఆగిపోయిన చోటు చూద్దాం.

పెదవులు కలిస్తేగాని పలకనివి ప, ఫ, బ, భ, మ. బడిలో పవర్గం అని చదువుకున్నవే, ఓష్ఠ్యాలు. వకారానికి కింది పెదవి పై పళ్ళను తాకబోతుంది. 'ఆఫీసు', 'ఫ్యాను' లాంటి మాటల్లో ఫకారమూ అంతే. ఉ, ఊ, ఒ, ఓ అచ్చులకు పెదవులు గుండ్రంగా ముందుకు వస్తాయి. మిగతా వర్ణమాలనంతా నాలుక, అంగిలి, గొంతు చూసుకుంటాయి. అంటే చాలా తెలుగు మీకు ఇప్పటికే వచ్చేసింది.

పాత పద్ధతి ఏమిటంటే ప బదులు త, బ బదులు ద, మ బదులు న. అయితే ఊరికే 'త' అంటే 'త' అనే వినిపిస్తుంది. నాలుక కొసను ఆనించకుండా, కొస వెనక భాగాన్ని వెడల్పుగా పై పళ్ళ వెనక పరచండి. మనసులో 'ప' అనే అనుకోండి. గాలిని ఒక్కసారి కొట్టకుండా మెత్తగా వదలండి. 'మ'కు నాలుక అక్కడే ఉంచి ముక్కులో మోతను కాస్త సాగదీయండి. ఉ, ఒ లకు పెదవుల సంగతి మరిచిపోయి నాలుకను వెనక్కి లాగండి, గుండ్రనిదనం గొంతులో నుంచే చాలావరకు వస్తుంది. పళ్ళు తాకీ తాకనట్టు, పెదవులు సన్నగా తెరిచి ఉండాలి. చాలామంది కొత్తవాళ్ళు చిరునవ్వును మేకు కొట్టినట్టు బిగిస్తారు. పంటి నొప్పితో ఫొటో దిగుతున్నవాడిలా కనిపిస్తారు.

అద్దం ముందు సాధన మొదటి నెలకే పనికొస్తుంది. తరువాత ఫోనులో వీడియో తీసి, శబ్దం ఆపేసి చూడండి. ఏ క్షణంలో ఎవరు మాట్లాడుతున్నారో మీ ముఖాన్ని బట్టి తెలిసిపోతే ఎక్కడ దొరికారో అర్థమవుతుంది. నా విషయంలో పెదవులు బాగానే ఉండేవి కానీ కంఠమణి ఎగిరెగిరి పడేది. అందుకే ఈనాటికీ కాలరు ఎత్తుగా ఉన్న చొక్కాలే కుట్టించుకుంటాను.

ఇంగ్లీషువాళ్ళకు అంతగా లేని చిక్కు మనకొకటుంది. వాళ్ళు ఈ కళను వెక్కిరించడానికి వాడే మాట 'గాటిల్ ఆఫ్ గీర్'. 'బాటిల్ ఆఫ్ బీర్' అనబోయి అలా అంటారని. 'గాటిల్' అనే మాట వాళ్ళ భాషలో లేదు కాబట్టి వినేవాడి చెవి తనంతట తానే సర్దుకుని 'బాటిల్' అని వింటుంది. తెలుగులో మకారాన్ని నకారం చేస్తే ఇంకో నికార్సయిన తెలుగు మాట పుడుతుంది. అమ్మ అన్న అవుతుంది. మీరు నీరు అవుతుంది. మేము నేను అవుతుంది. మామ ఏకంగా నాన్న అయిపోతాడు.

ఇది కాగితం మీద సరదాగా ఉంటుంది. ఒక పెళ్ళిలో నా బొమ్మ పెళ్ళికొడుకు వైపు తిరిగి 'ఈ ఖర్చంతా మామదే కదా' అంది. పందిరికి వినిపించింది 'ఈ ఖర్చంతా నాన్నదే కదా' అని. రెండు వైపులా ఖర్చుల లెక్క అప్పటికి తేలలేదట. పెళ్ళికొడుకు తండ్రి లేచి వచ్చి, మైకు పక్కనే నిలబడి, ఎంత ఎవరు పెట్టారో బొమ్మకు వివరించడం మొదలుపెట్టాడు. బొమ్మకే, నాకు కాదు. ఆ రోజు నాకు మిగతా డబ్బు రాలేదు.

దీనికి మందు నోటిలో లేదు, కలంలో ఉంది. బొమ్మ మాటలు రాసేటప్పుడే పెదవులను తప్పించి రాయండి. ఇది మనకు కొత్త కాదు. పెదవులు తగలని అక్షరాలతోనే రాసే నిరోష్ఠ్య రచన అని ఒక విద్య మన సాహిత్యంలో ఉంది. సంస్కృతంలో దండి రాసిన దశకుమారచరిత్రలో మంత్రగుప్తుడనే కుమారుడు తన కథనంతా ఓష్ఠ్యాలు లేకుండా చెబుతాడు. ప్రియురాలి పంటిగాట్లతో పెదవులు నొప్పిగా ఉన్నాయట. మన అవసరం అంత శృంగారభరితం కాదు కానీ పని ఒకటే. మొదటి ఆరు నెలలు బొమ్మ చేత నిరోష్ఠ్యమే పలికించండి. తరువాత ఒక్కో ఓష్ఠ్యాన్ని వాక్యం మధ్యలో, చుట్టూ ఉన్న మాటలు అర్థాన్ని మోసే చోట పెట్టండి. వాక్యం మొదట్లోనూ, నవ్వు పేలవలసిన మాటలోనూ ఎప్పుడూ పెట్టకండి.

చుట్టరికాలు ఒకసారి పరీక్షించి చూడండి. తాత, నాన్న, అన్న, అక్క, అత్త: ఇవన్నీ నిశ్చింత. అమ్మ, మామ, బావ, బాబాయి, పిన్ని, పెద్దమ్మ: ఇవన్నీ గండాలు. నాకు 28 ఏళ్ళప్పుడే నా బొమ్మ నన్ను 'తాతా' అని పిలిచేది. జనం అది వెటకారం అనుకుని నవ్వేవారు. నాకు వేరే దారి లేక పెట్టిన పిలుపు అది. బొమ్మలు పెద్దా చిన్నా లేకుండా అందరినీ ఏకవచనంలో 'ఏరా' అనడానికి కూడా సగం కారణం ఇదే. 'ఏరా'లో పెదవికి పని లేదు. 'మీరు', 'తమరు' అంటే దొరికిపోతాం.

నా మొదటి బొమ్మ పేరు పాపారావు. ఎంత తెలివితక్కువ పేరో చూడండి, రెండు పకారాలు, ఒక వకారం. పొణికి చెక్కతో తల చేయించాను. తెలిసిన చేతిపనివాడు ఒకాయన కొండపల్లి బొమ్మల పద్ధతిలో తొలిచి ఇచ్చాడు. చెక్క తేలిక కాబట్టి చెయ్యి నొప్పి పుట్టదు. దవడ కదలడానికి సైకిలు బ్రేకు తీగ, మళ్ళీ మూసుకోవడానికి ఒక చిన్న స్ప్రింగు. కోరమీసం, జేబులో దువ్వెన, పాతికేళ్ళ కుర్రవాడి వేషం. ఒక బడి వార్షికోత్సవంలో తొలి ప్రదర్శన. 'నీ పేరు ఏమిటి' అని అడిగాను. బొమ్మ 'తాతారావు' అంది. నేను కంగారుపడి 'సరిగ్గా చెప్పు' అన్నాను. మళ్ళీ 'తాతారావు' అంది. ముందు వరసలో ఒక పిల్లవాడు లేచి, 'తాత అయితే మీసం నల్లగా ఎందుకుంది?' అని అరిచాడు. బొమ్మ తల వాడి వైపు తిప్పి, ఒక్క క్షణం ఆగి, 'రంగు' అన్నాను. అంటే, అంది. హాలంతా విరగబడి నవ్వింది. అది నేను రాసుకున్న మాట కాదు. ఆ రోజు నుంచి నా బొమ్మ తాతారావై, పాతికేళ్ళ కుర్రాడినని బుకాయించే ముసలివాడైపోయాడు. ఇప్పటికీ వాడి మీదే నా ఇల్లు నడుస్తోంది.

ఆ ఒక్క క్షణం ఆగడంలో ఉన్నదే ఇందాక నేను చెబుతానన్న సంగతి.

వెంట్రిలాక్విజం అనే మాటకు లాటిన్‌లో కడుపుతో మాట్లాడడం అని అర్థం. కడుపుతో ఎవరూ మాట్లాడరు. గొంతును గది మూలకు 'విసరడం' కూడా కుదరదు. మాట మీ నోటి నుంచే వస్తుంది. ధ్వని ఎటు నుంచి వచ్చిందో తేల్చుకోవడంలో చెవి కన్నా కన్ను పెత్తనం చేస్తుంది, అంతే. సినిమా హాలులో మాటలు వచ్చే స్పీకర్లు తెర వెనక ఉన్నా మాట హీరో నోటి నుంచే వచ్చినట్టు అనిపించదా? 1976లో మెగర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు ఇంకో చిత్రం చూపించారు. 'బ' అనే శబ్దానికి 'గ' పలుకుతున్న నోటి దృశ్యం జోడిస్తే చాలామందికి 'ద' అని వినిపిస్తుంది. మనకు దీనివల్ల ఉపయోగం ఉంది. బొమ్మ 'ప' అనవలసిన చోట దాని దవడ టక్కున మూసి తెరవండి. మీరు పలికింది 'త' లాంటిదే అయినా, మూసుకున్న నోరు చూసిన కన్ను చెవిని ఒప్పిస్తుంది. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట చివర దవడ తెరిచి ఉండాలి. తెల్లవాళ్ళ వీడియోలు చూసి నేర్చుకున్నవారు మాట చివర మూసేస్తారు. బొమ్మ తెలుగును మింగుతున్నట్టు ఉంటుంది.

అయితే కన్ను బొమ్మ మీదికి ఎందుకు పోతుంది? మీరు అటు చూస్తున్నారు కాబట్టి. దీనికి నేను చూపించగల పెద్ద సాక్షి ఎడ్గార్ బెర్గెన్. అమెరికాలో ఈయన పేరు తెచ్చుకున్నది రేడియోలో. ఛార్లీ మెకార్తీ అనే బొమ్మతో 1937లో వారపు కార్యక్రమం మొదలుపెట్టి దాదాపు ఇరవై ఏళ్ళు నడిపాడు. పెదవులు కదిలినా కదలకపోయినా రేడియోలో ఎవరికి కావాలి? తెర మీద ఆయన పెదవులు కదలడం కనిపించేది. ఛార్లీయే ఆ సంగతి ఎత్తి ఆయనను ఏడిపించేవాడు. ఆస్కార్ వాళ్ళు ఆయనకు నోరు కదిలే చెక్క ఆస్కార్ బొమ్మను గౌరవ బహుమతిగా ఇచ్చారు. ఛార్లీ ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వారి మ్యూజియంలో ఉన్నాడు. బ్రిటన్‌లో పీటర్ బ్రో కూడా అంతే, ఆర్చీ ఆండ్రూస్ అనే బొమ్మతో 1950లో బీబీసీ రేడియోలో మొదలుపెట్టి దేశాన్ని కట్టిపడేశాడు. తీరా టీవీకి వచ్చేసరికి ఆయన పెదవులే జనానికి నవ్వులాట అయ్యాయి. ఇద్దరూ నిలబడింది బొమ్మ స్వభావం మీద.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవాడు మాత్రం ఆర్థర్ వర్స్‌లీ. పాత వీడియోల్లో చూస్తే, స్టేజి మీద ఆయన తన గొంతుతో దాదాపు ఒక్క మాట కూడా మాట్లాడడు. మాటలన్నీ ఛార్లీ బ్రౌన్ అనే బొమ్మవే. బొమ్మ ఆయనను తిడుతుంది, సవాలు చేస్తుంది, 'బాటిల్ ఆఫ్ బీర్ అను చూద్దాం' అని ముఖం మీదికి వచ్చి అరుస్తుంది. ఆయన బిక్కముఖం వేసుకుని నిలబడతాడు, అంతే. ఆ వీడియోలు దొరికితే ఆయన కళ్ళను చూడండి. మాట్లాడుతున్నది ఆయనే అని మనకు తెలుసు, అయినా బొమ్మ తరువాత ఏమంటుందో తెలియక భయపడుతున్న మనిషిలా ఉంటాడు.

దీన్ని సాధన చేసే పద్ధతి చెబుతాను. బొమ్మ మాట్లాడే ముందు దాని తల కదలాలి, మాట ఆ తరువాత. మీరు దాని నోటిని చూడకూడదు, కళ్ళను చూడాలి. ఎవరైనా మాట్లాడుతుంటే మనం కళ్ళలోకే కదా చూస్తాం. మాట సగంలో ఉండగానే మీ కనుబొమ్మ కదలడం మొదలు కావాలి, ఎందుకంటే మనుషులు వాక్యం పూర్తయ్యాక అర్థం చేసుకోరు, మధ్యలోనే గ్రహిస్తారు. మాట అయిపోయాక వెంటనే జవాబు చెప్పకండి. అర మాత్ర ఆగండి. ఆ ఖాళీలో జనం మీ ముఖం వైపు తిరుగుతారు. జోకు నూటికి డెబ్బై సార్లు అక్కడే పేలుతుంది, బొమ్మ మాట దగ్గర కాదు. మీ ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డం పడడం కూడా నేర్చుకోండి. ఒక గొంతుతో రెండు మాటలు ఒకేసారి రావు, మధ్యలో తెంపి అందుకోవడమే. బాగా కుదిరితే ఇద్దరూ ఒకేసారి అరిచారని జనం ప్రమాణం చేసి చెబుతారు.

మిమిక్రీ నుంచి వచ్చినవారికి ఇది ఎక్కువ కష్టం. నేనూ అక్కడి నుంచే వచ్చాను. మా తరానికి నేరెళ్ళ వేణుమాధవ్ గారే దేవుడు. మిమిక్రీలో మీరు మాయమై ఇంకొకరు రావాలి. ఇక్కడ మీరు అక్కడే ఉంటూ, మీ పక్కన ఇంకొకరు రావాలి. కొత్తగా వచ్చిన మిమిక్రీ కళాకారులు బొమ్మ చేత పదిమంది నటుల గొంతులు పలికించి చప్పట్లు కొట్టించుకుంటారు. అప్పుడు బొమ్మకు సొంత గొంతు ఉండదు. అమెరికాలో టెర్రీ ఫేటర్ 2007లో టీవీ పోటీ గెలిచింది పెదవులు కదలకుండా గాయకుల గొంతులతో పాడే, కాబట్టి అసలు పనికిరాదని అనను. కానీ అప్పటికి ఆయన వయసు 42. వెనక ఏళ్ళ తరబడి చిన్న చిన్న వేదికలు ఉన్నాయి.

బొమ్మ నోటి దురుసు గురించి ఒక మాట. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క రాముడి కథ మధ్యలో దూరి నోటికొచ్చింది మాట్లాడినా ఎవరూ తప్పు పట్టరు. మాట్లాడే బొమ్మకూ ఆ వెసులుబాటు కొంత ఉంది. మనిషి అంటే గొడవయ్యే మాట బొమ్మ అంటే నవ్వుగా పోతుంది. కానీ ఫిర్యాదు వచ్చేది మాత్రం మన దగ్గరికే. నాకు నేను పెట్టుకున్న నియమం: కులం, ఒంటి రంగు, అవిటితనం, భర్త పోయిన ఆడవాళ్ళు, వీటి జోలికి బొమ్మను పోనివ్వను. ఎవరినైనా ఒక మాట అంటే, వెంటనే అంతకన్నా పెద్ద మాట నన్ను అనిపిస్తాను. ఊరి పెద్దను 'పొట్ట' అన్న అరనిమిషంలో నా బట్టతల మీద మూడు జోకులు పడతాయి. ఆయన తన పొట్ట సంగతి మరిచిపోతాడు.

ఇక డబ్బు సంగతి. మన దగ్గర ఈ పనికి టిక్కెట్టు కొని వచ్చే ప్రేక్షకులు లేరనే చెప్పాలి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, కంపెనీల కుటుంబ దినాలు, వినాయక చవితి పందిళ్ళు, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా బడుల వార్షికోత్సవాలు, ప్రభుత్వ ఆరోగ్య ప్రచారాలు, పాటకచేరీలో గాయకులు మంచినీళ్ళు తాగే విరామం. ఇవీ మన వేదికలు. ముహూర్తాలున్న నెలలో రోజుకు రెండు ఉంటాయి. ఆషాఢంలోనూ మూఢంలోనూ ఫోను మోగదు. ఉద్యోగం మానవద్దన్నది ఆ నెలల కోసమే. అమెరికాలో రెండేళ్ళకోసారి జరిగే తానా సభల వంటి వాటికి పిలుపు వస్తే వెళ్ళండి కానీ, అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకు మాటల మీద నడిచే హాస్యం అందదు. బొమ్మ తల తిప్పడం, అలగడం, పెట్టెలోకి పోనని మొరాయించడం లాంటి చేష్టల హాస్యం పదిహేను నిమిషాలకు సరిపడా సిద్ధం చేసుకోండి.

సగం డబ్బు ముందే తీసుకోండి, మిగతా సగం వేదిక ఎక్కే ముందు. ప్రదర్శన అయ్యాక మిమ్మల్ని స్టేజి మీదికి పిలిచి, శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో తీసి పంపిస్తారు. ఆ తరువాత డబ్బు అడగడానికి నోరు రాదు. మా ఇంట్లో శాలువాలు అరవై పైనే ఉన్నాయి. తాతారావును చుట్టి పెట్టెలో పెట్టడానికి బాగా పనికొస్తాయి, జ్ఞాపికలకు ఆ ఉపయోగం కూడా లేదు.

టీవీ గురించి మీరు ఎక్కువ ఆశతో అడిగారు. ఒక వారపు కామెడీ కార్యక్రమంలో నేను 13 వారాలు చేశాను. పదిహేనేళ్ళలో పోగేసుకున్న నలభై నిమిషాల సరుకు ఆరు వారాల్లో అయిపోయింది. స్టేజి మీద ఒక మంచి పది నిమిషాల అంకం ఊరూరా తిరిగి పదేళ్ళు అన్నం పెడుతుంది. టీవీలో అది ఒక్క రాత్రికి చెల్లిపోతుంది, మర్నాడు పెళ్ళిలో అదే చేస్తే 'ఇది చూశాం' అంటారు. ఏడో వారం నుంచి వాళ్ళ రచయితలు మాటలు రాసి ఇచ్చారు. మొదటి కాగితంలో మొదటి వాక్యం, బొమ్మది: 'బామ్మా, పాపం మా బాబాయి పంపాడు.' నేను ఆ కాగితం దాచుకున్నాను.

అంతకన్నా పెద్ద నష్టం ఎడిటింగులో జరిగింది. బొమ్మ మాట్లాడితే కెమెరా బొమ్మ ముఖం మీదికి, నేను మాట్లాడితే నా మీదికి పోయేది. ఇంట్లో చూసేవాడికి బొమ్మ గొంతు వెనక ఎవరో డబ్బింగు చెప్పినట్టే ఉంటుంది. నేను వినే ముఖం ఎక్కడా లేదు. జోకు పేలే అర మాత్రను కోసేసి, అక్కడ నవ్వుల శబ్దం అతికించారు. అందుకే మీకు అవకాశం వస్తే డబ్బు కన్నా ముందు అడగవలసింది ఒకటే, ఇద్దరూ ఎప్పుడూ ఒకే ఫ్రేములో ఉండాలని. పెద్దవాళ్ళు నా బొమ్మను చూసి ఇప్పటికీ 'ఇది కథ కాదు'లో కమల్ హాసన్ బొమ్మలా ఉందే అంటారు. 1979 నాటి ఆ సినిమాలో ఆయనా బొమ్మా పక్కపక్కన కూర్చున్న దృశ్యమే వాళ్ళకు గుర్తుండిపోయింది.

కాగితాలు కూడా చూసుకోండి. బొమ్మ రూపం, పేరు, గొంతు మీవేనని ఒప్పందంలో రాయించండి. అమెరికాలో పాల్ వించెల్ అనే పెద్ద కళాకారుడు (కృత్రిమ గుండెకు పేటెంటు తీసుకున్నది కూడా ఈయనే, నిజంగా) 1960లలో ఒక పిల్లల కార్యక్రమం చేశాడు. హక్కుల విషయంలో మాట కుదరక ఆ టీవీ సంస్థ టేపులను చెరిపేసింది. ఆయన కోర్టుకెళ్ళి, 1986లో 1 కోటి 78 లక్షల డాలర్ల తీర్పు తెచ్చుకున్నాడు. డబ్బు వచ్చింది, టేపులు రాలేదు. షారీ లూయిస్ కథ ఇంకో రకం. మేజోడులాంటి మెత్తని గొర్రెపిల్ల బొమ్మతో పేరు తెచ్చుకుంది. ఆమె సొంత కార్యక్రమం 1963లో ఆగిపోయింది. మళ్ళీ అమెరికా టీవీలో పిల్లలందరికీ తెలిసిన కార్యక్రమం దక్కింది 1992లో. మధ్యలో దాదాపు 30 ఏళ్ళు క్లబ్బులు, స్టేజీలు, దొరికిన చోటల్లా చేస్తూ వచ్చింది. ఆ గొర్రెపిల్ల మాత్రం మారలేదు. మన దేశంలో ముంబయి పాధ్యే కుటుంబాన్ని చూడండి. తండ్రి యశ్వంత్ పాధ్యే చేయించిన అర్ధవట్‌రావు అనే బొమ్మనే కొడుకు రామ్‌దాస్ పాధ్యే అందుకున్నాడు. ఆ బొమ్మకు 2016లో వందేళ్ళు నిండాయి. బొమ్మలు మారుస్తూ పోయేవాళ్ళను జనం గుర్తుపెట్టుకోరు. ఒక్కదానితో కాపురం చేయండి.

గొంతు గురించి ఒక హెచ్చరిక. బొమ్మకు కీచుగొంతు పెట్టుకోకండి. మొదటి మూడేళ్ళు నేను గొంతు నొక్కి పలికించాను. ఒక సీజనులో 20 రోజుల్లో 26 ప్రదర్శనలిచ్చాక మాట పూర్తిగా పోయింది. డాక్టరు నెల రోజులు మౌనం అన్నారు. ఆ నెల బొమ్మకూ మౌనమే. ఇప్పుడు తాతారావు గొంతుకూ నా గొంతుకూ శ్రుతిలో తేడా కొంచెమే. తేడా అంతా నడకలో ఉంది. వాడు నెమ్మదిగా, ప్రతి వాక్యం చివర కాస్త దీర్ఘం తీసి మాట్లాడతాడు, నేను గబగబా మాట్లాడతాను. వెనక వరసలో కళ్ళు మూసుకున్నవాడికి కూడా ఎవరు ఎవరో తెలుస్తుంది.

మీరు కొన్న బొమ్మ బరువైనదైతే అమ్మేసి మెత్తని గుడ్డ బొమ్మతో మొదలుపెట్టండి. మూడు కిలోల చెక్క బొమ్మను నలభై నిమిషాలు మోస్తే మీ ముఖంలో కనిపించేది వినడం కాదు, భుజం నొప్పి. గుడ్డ బొమ్మ నోరు తెరిచేటప్పుడు బొటనవేలు కిందికి దిగాలి. పై నాలుగు వేళ్ళు ఎత్తితే బొమ్మ ఆవులిస్తున్నట్టు ఉంటుంది.

ఇక చివర మీరు యథాలాపంగా ఒక వాక్యం రాశారు, బొమ్మకు బబ్లూ అని పేరు పెట్టానని. రెండు బకారాలు, అదీ ఒకదాని వెంట ఒకటి. నోరు తెరవగానే వాడు 'దద్లూ' అంటాడు. రేపటి సాధన మొదలుపెట్టే ముందు ఆ పేరు మార్చండి. చిట్టి, కిట్టయ్య, గంగరాజు, ఏదైనా సరే. లేదా అలాగే ఉంచి, ఎవరైనా ఒక పిల్లవాడు లేచి అడిగేదాకా ఆగి చూడండి.